అడుగు రంగు

బ్యారేజీ మీద లైట్లు ఇంకా ఆరలేదు.
తాడు లాగే నలుగురూ హైలెస్సా అనడం మానేసి చాన్నాళ్లయింది,
ఫోన్లో ఏదో పాట పెట్టుకుని లాగుతారు.
తాటి దుంగల మీద దొర్లుతూ పడవ గట్టెక్కింది,
పున్నమి ఘాట్ దాటాక, భవానీపురం వైపు,
చాకిరేవు రాళ్ల పక్కన.
పక్కకి ఒరిగిస్తే దాని పొట్ట కనపడింది.
టికెట్ కొని ఎక్కేవాళ్లు ఎప్పుడూ చూడని వైపు.
నాకు తెలిసిన వైపు అదొక్కటే.

నాంచారమ్మంటారు నన్ను. అడుగుకి పన్నెండు రూపాయలు.
అడుగంటే కొలతా అదే, పడవ కింది చెక్కా అదే.
ఇనప బద్దతో గీరతాను.
ముందు నీలం రాలుతుంది, నిరుడు వేసింది.
దాని కింద పచ్చ, పుష్కరాల ఏడు
ఓనరు హడావుడిగా రెండు కోటింగులు కొట్టించింది.
దాని కింద ఎరుపు.

ఎరుపు దగ్గర బద్ద మొరాయిస్తుంది.
ఈ పడవ బందరు నుంచి వచ్చిన సముద్రపు పడవ.
ఆ ఎరుపులో రాగి ఉంది.
నాచు పట్టకూడదని, నత్త అంటకూడదని,
అంటితే చావాలని కలిపిన రాగి.
కృష్ణలో దానికేం పని?
పని లేకపోయినా మానదు, అలవాటైన పని.

పదిహేనేళ్లు గీరిందంతా నీళ్లలోకే చిమ్మాను.
చీపురు కూడా నాదే.
ఆ ఎర్ర పొడి కాసేపు కుంకంలా తేలేది,
ఎవరో మొక్కు తీర్చుకున్నారనిపించేలా తేలి
మునిగేది.

ఈ వేసవిలో కొత్త మేస్త్రి వచ్చాడు, నాగూర్ మీరా,
నిజాంపట్నంలో పని నేర్చినవాడు.
"అక్కా, కింద పరదా పరుద్దాం" అన్నాడు.
నవ్వాను. పరదా కూడా నవ్వినట్టే గాలికి ఎగిరింది.
నాలుగు మూలలా రాళ్లు పెట్టాం.
పొడి లేవకుండా చెక్క తడుపుతూ గీరమన్నాడు.
సాయంత్రం అంతా ఊడ్చి మూట కట్టి
చేపల సూరమ్మ కాటా మీద పెడితే
ఏడు కిలోల ముప్పావు.

ఒక్క పడవకి.
ఏడాదికి ఎన్ని పడవలు, పదిహేనేళ్లకి ఎన్ని,
ఎక్కం మధ్యలో వదిలేశాను.

మా చిన్నప్పుడు ఈ రేవులో దోసిట్లోకి ఆలిచిప్పలొచ్చేవి.
నడుమ బండకేసి అరగదీసి, చిల్లు చేసి
మామిడికాయ చెక్కు తీసేవాళ్లం.
ఇప్పుడు లేవు. అంతా నా వల్లే అనను.
ఇసుక తోడినోళ్లున్నారు, మురుగు వదిలినోళ్లున్నారు,
చాలా చేతులున్నాయి.
వాటిల్లో బద్ద పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంది.

నీళ్లు బ్యారేజీ దగ్గర ఆగి ఆలోచించవు.
బందరు కాలవలోకి, ఏలూరు కాలవలోకి, రైవస్‌లోకి
తలా ఇంత పంచుకుపోతాయి.
ఎవరి బిందెలోకి ఎంత ఎరుపు వెళ్లిందో
ఏ కాటా చెబుతుంది?

రాగి లేని రంగు ఉందంట, నున్నగా ఉంటుందంట,
నాచు పడుతుంది గానీ గట్టిగా పట్టదంట,
నెలకోసారి కొబ్బరి పీచుతో తుడిస్తే చాలంట.
ఓనరు వీరరాఘవులు లెక్కలేసుకున్నాడు.
"తుడిచేదెవరు?"
నేను చెయ్యెత్తాను.
నెలనెలా కూలి. ఏటి మీద ప్రేమొక్కటే అని చెప్పను.
సగం డబ్బు మేస్త్రి ముఖం చూసి ఇచ్చాడు,
మిగతా సగం వచ్చే నెలన్నాడు.
అది పోయిన నెల మాట.

మూట మాత్రం నా దగ్గరే ఉంది.
చెత్త బండి వస్తే తీసుకెళ్లాను.
"తడి చెత్తా, పొడి చెత్తా?" అంది ఆ పిల్ల.
విషం అన్నాను. దానికి డబ్బా లేదంది.
పాపం, ఆ అమ్మాయి తప్పు కాదు,
బండికి రెండే రంగులు.

గుమ్మం పక్క గూట్లో పెట్టాను, రెండు సంచులు తొడిగి.
రాత్రి చినుకు పడ్డ చప్పుడైతే లేచి
తలుపు తీసి, చీకట్లో తడిమి
ముడి చూసుకుని పడుకుంటున్నాను.